ఆటస్థలమునకు పంపు బిడ్డకు హామీ ఎవరు?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునుండి ఒక పుస్తకమును ఇంటికి కొనిపోవలెనన్న ఏమి చేయవలెనో ఈ సభలోని చందాదారులందరును ఎరుగుదురు. మొదట సభ్యత్వపు కాగితమును నింపవలెను. పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు వ్రాయవలెను. ధరావతు చెల్లింపవలెను. ఊరిలో నలుగురు ఎరిగిన పెద్దమనుష్యు డొకడు హామీగా సంతకము చేయవలెను. అటుపిమ్మటనే పుస్తకము చేతికి వచ్చును. అది ఏనాడు వెళ్లినది, ఏనాడు తిరిగి వచ్చినది రిజిస్టరులోనికి ఎక్కును. నూరు రూపాయల పుస్తకమునకు ఇంత కట్టుదిట్టము. ఇది తనకు అవమానమని ఏ పాఠకుడును అలుగలేదు. గ్రంథపాలకుని తోడబుట్టినవాడైనను కాగితము నింపియే పుస్తకము తీసికొనును.

అదే ఊరిలో సాయంకాలము బడి విడువగానే పిల్లలు ఆటస్థలమునకు పోవుదురు. వారికి కబడ్డీ నేర్పువా డొకడు, వాలీబాలు నేర్పువా డింకొకడు, బంతులును వలలును భద్రపరచువాడు వేరొకడు. వారెవరు? ఇంతకుముందు ఏ ఊరిలో నేర్పిరి? ఆ ఊరిని ఏల విడిచి వచ్చిరి? అచ్చటివారు వారిని గురించి ఏమందురు? ఈ ప్రశ్నలను అడుగువారు అరుదు. పుస్తకమునకు హామీ అడిగిన చేతులే బిడ్డను ఏ హామీయు లేక అప్పగించుచున్నవి. ఈ వింతను గురించి నాలుగు మాటలు చెప్పుటయే ఈ ఉపన్యాసము యొక్క ఉద్దేశము.

గ్రంథాలయోత్సవమున ఆటస్థలము ప్రస్తావన ఎందులకని కొందరికి తోచవచ్చును. కృష్ణా డెల్టాలో ఈ రెండింటి చుట్టరికము పాతది. 1910లో బందరునందు కోపల్లె హనుమంతరావు గారు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు, ముట్నూరి కృష్ణారావు గారు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినప్పుడు చదువును, చేతిపనిని వేరు చేసి చూడలేదు. 1914లో బెజవాడయందు అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశపు గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగినది. ఆ పిమ్మట పల్లెలలో పఠనమందిరములు వెలసినవి. పఠనమందిరము ప్రక్కనే తాలీంఖానాయో, బాలుబాడ్మింటను కోర్టో ఉండుట తీరమండలములో చాల ఊళ్లకు పరిచితమైన దృశ్యము. పత్రిక చదువు యువకుడే సాయంకాలము బంతి కొట్టును. గ్రంథాలయమును నడుపు కార్యవర్గమే సంక్రాంతి పోటీలను కూడ నడపును. కావున ఆటస్థలముననున్న బిడ్డ క్షేమము గ్రంథాలయమునకు పరాయి విషయము కాదు.

నేటి ఆటస్థలము వెనుకటిది కాదు. పిల్లలు చెడుగుడు కూతతోను, కోతికొమ్మచ్చితోను తమంతట తామే ఆడుకొనిన కాలమున శిక్షకుడు లేడు, క్లబ్బు లేదు. ఇప్పుడన్ననో బందరు, గుడివాడ పట్టణముల మైదానములు మొదలు అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు పరిసరముల బడి ఆవరణల వరకు వేసవి శిబిరములు, అకాడమీలు, యువజన సంఘములు కనబడుచున్నవి. ఆడపిల్లలు కూడ కబడ్డీ కోర్టులో దిగుచున్నారు. ఇది సంతోషింపదగిన మార్పు. ఆటలో పేరు తెచ్చుకొనిన బిడ్డకు కళాశాలలో సీటును, ఉద్యోగములో కోటాయు దొరకునను ఆశ తల్లిదండ్రులకు కలదు. ఆ ఆశయే శిక్షకుని చేతికి గొప్ప అధికారము నిచ్చినది. జట్టులో ఎవరుండవలెనో అతడే నిర్ణయించును. కాలును చేతిని పట్టి భంగిమ దిద్దును. పోటీలకు దూరపు ఊళ్లకు కొనిపోవును. రాత్రి ఏ బడి హాలులోనో పిల్లలను పండుకొనబెట్టును. ఇంత చనువును ఇంత అధికారమును ఒక్కచోట చేరిన పనులు లోకమున కొద్ది.

శిక్షకులలో అత్యధికులు ఈ అధికారమును బిడ్డల మేలునకే వినియోగింతురు. డ్రిల్లు మాష్టారి పేరు చెప్పగానే చేతులు జోడించు పూర్వ విద్యార్థులు ఏ ఊరికి పోయినను కనబడుదురు. అయితే చెడుబుద్ధి గలవాడు బిడ్డలు సులభముగా దొరకు చోటును వెదకికొనుచు వచ్చును. అట్టి చోట్లలో ఆటస్థలము ఒకటి. అతడు నవ్వుముఖముతోనే వచ్చును, జీతము లేకుండ పనిచేసెద ననును, బీదపిల్లలకు బూట్లు కొనిపెట్టును. మంచివానికిని వానికిని పైకి భేదము కనబడదు. అందువలననే ముఖము చూచి నిర్ణయించుట ఇచ్చట పనికిరాదు.

ఈ మాట ఎత్తగానే రెండు ఆక్షేపణలు వినవచ్చును. ‘మన ఊరివాడే గదా, కాగితములెందుకు?’ అనునది మొదటిది. ‘ఉచితముగా సేవ చేయువానిని పోలీసుస్టేషనుకు పంపిన ఇక ఎవడు ముందుకు వచ్చును?’ అనునది రెండవది.

రెండవదానికి ముందుగా సమాధానము చెప్పుట మంచిది. స్వచ్ఛంద సేవకుల విలువను దివిసీమకు మరొకరు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలకొలది ప్రాణములను తీసికొనిపోయినప్పుడు శవములను తీసి దహనము చేసినవారును, గంజి కాచి పోసినవారును, ఇండ్లు నిలిపినవారును పిలువకుండ వచ్చినవారే. మండలి వెంకటకృష్ణారావు గారి వంటి నాయకుల వెంట అట్టివారు నిలువకున్న దివిసీమ కోలుకొనుట మరింత కష్టమై యుండెడిది. అయినను ఆపదలో అన్నము పెట్టు చేతికిని, ఏండ్ల తరబడి ప్రతి సాయంకాలము బిడ్డను అప్పగించుకొను చేతికిని భేదము కలదు. మొదటిదానికి త్వర కావలెను, రెండవదానికి విచారణ కావలెను. నిజముగా సేవ చేయదలచినవాడు ఒక దరఖాస్తు నింపుటకు వెనుకాడడు. లారీ నడుపువాడు లైసెన్సు చూపును. పాస్‌పోర్టు కోరువాని ఇంటికి పోలీసులు వచ్చి విచారింతురు. దానిని ఎవరును పరువునష్టముగా నెంచరు.

ఇక ‘మన ఊరివాడే గదా’ అను మాట. 2007లో కేంద్ర ప్రభుత్వపు స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ బాలలపై జరుగు దౌర్జన్యములను గురించి ఒక పెద్ద అధ్యయనమును ప్రకటించినది. 13 రాష్ట్రములలో 12,447 మంది బాలబాలికలను అందులో ప్రశ్నించిరి. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 53.22 శాతము మంది తాము ఏదో యొక రూపమున లైంగిక దుష్ప్రవర్తనకు గురియైతిమని చెప్పిరి. అట్లు చెప్పినవారిలో సగమునకు మించినవారు మగపిల్లలు. మగపిల్లవానికి భయమేమి యనుకొను తల్లిదండ్రులు ఈ అంకెను మరువరాదు. దోషులలో సగముమంది బిడ్డ ఎరిగినవారో, బిడ్డ నమ్మియున్న బాధ్యతగల స్థానములలోనివారో అయి యుండిరి. బాధపడిన బిడ్డలలో చాలమంది ఆ సంగతిని ఎవరికిని చెప్పలేదు. కీడు కొత్తవానితోనే వచ్చునను నమ్మకము ఎంత బలహీనమైనదో దీనివలన తెలియును.

క్రీడారంగమునకే పరిమితమైన అంకె యొకటి కలదు. 2010 తరువాతి పదేండ్లలో భారత క్రీడా ప్రాధికార సంస్థకు చెందిన కేంద్రములలో లైంగిక వేధింపులను గురించి 45 ఫిర్యాదులు వచ్చినవనియు, వానిలో 29 శిక్షకులపై వచ్చినవే యనియు సమాచార హక్కు చట్టము ద్వారా వెల్లడియై 2020 జనవరిలో పత్రికలలో ప్రకటితమైనది. అవి ప్రభుత్వపు కేంద్రములు. అచ్చట ఫిర్యాదు తీసికొనుటకు కార్యాలయము కలదు, ఫైలు కలదు. పల్లెలోని క్లబ్బులో అవియును లేవు. అచ్చటి బిడ్డ ఎవరితో చెప్పుకొనగలదు?

చట్టమేమి చెప్పుచున్నదో ఇప్పుడు చూడవలెను. పోక్సో అని జనులు పిలుచు చట్టము, అనగా లైంగిక నేరములనుండి బాలలను రక్షించు చట్టము, 2012లో వచ్చి ఆ సంవత్సరము నవంబరు 14న అమలులోనికి వచ్చినది. పదునెనిమిదేండ్లు నిండని ప్రతివారును దాని దృష్టిలో బాలలే. మగబిడ్డయని, ఆడబిడ్డయని భేదము లేదు. బిడ్డలకు సేవలందించు సంస్థను నడుపువారుగాని, అందులో పనిచేయువారుగాని, బిడ్డపై నమ్మకపు స్థానమున నున్నవారుగాని నేరము చేసినచో దానిని సాధారణ నేరముకంటె తీవ్రమైనదానినిగా చట్టము లెక్కించును. కంచెయే చేను మేసిన ఎక్కువ శిక్ష యని దాని భావము.

ఆ చట్టము క్రింద 2020 మార్చిలో కొత్త నియమములు వచ్చినవి. వానిలో 3వ నియమము ఈ ఉపన్యాసమునకు మూలము. బిడ్డలతో నిత్యము సంబంధము గల సంస్థలు, అనగా పాఠశాలలు, శిశుసంరక్షణ కేంద్రములు, క్రీడా అకాడమీలు మొదలైనవి, బిడ్డలతో సంబంధము గల తమ సిబ్బందిలో ప్రతి యొక్కరికిని పోలీసు వెరిఫికేషనును, పూర్వచరిత్ర విచారణను నియతకాలములందు జరిపింపవలెనని ఆ నియమము ఆదేశించుచున్నది. బోధించువారైనను బోధింపనివారైనను, స్థిరోద్యోగులైనను కాంట్రాక్టువారైనను మినహాయింపు లేదు. బాలల భద్రతను గురించి వారికి అప్పుడప్పుడు శిక్షణ ఇప్పింపవలెననియు అందు గలదు. క్రీడా అకాడమీ అను మాటను నియమకర్తలు పేరెత్తి వ్రాసిరి. ఇది పట్నములకే గాని పల్లెలకు గాదని ఎచ్చటను వ్రాయలేదు.

అయితే ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. నియమపు అక్షరము సిబ్బంది, ఉద్యోగి అను మాటల వరకు వచ్చి ఆగినది. పల్లెలోని యువజన సంఘమున జీతము తీసికొను ఉద్యోగి ఉండుటే అరుదు. ఆట నేర్పువాడు సెలవులకు వచ్చిన డిగ్రీ విద్యార్థియో, విశ్రాంత ఉపాధ్యాయుడో, పూర్వపు ఆటగాడో అయి యుండును. అందరును జీతము లేనివారే. కావున ‘మాకు ఉద్యోగులు లేరు, ఈ నియమము మాకు వర్తింపదు’ అని ఒక కార్యదర్శి చెప్పి తప్పించుకొనవచ్చును. కాని బిడ్డకు కలుగు అపాయము శిక్షకుని జీతమునుబట్టి ఉండదు. చట్టాక్షరము ఆగిన చోట ఊరి కార్యవర్గము తన తీర్మానముతో ముందుకు పోవలెను. ఇంగ్లండులో ఈ విచారణ స్వచ్ఛంద సేవకులకును వర్తించును. అచ్చట వారివద్దనుండి దానికై రుసుము కూడ తీసికొనరు. అందువలన సేవకులకు ఖర్చు బాధ లేదు.

విచారణ యనగా ఏమేమి చేయవలెను? మొదటిది, గుర్తింపు. అసలు పేరేమి, వేరు పేర్లు ఏమైన గలవా, పదేండ్లుగా ఎచ్చటెచ్చట నివసించెను అని వ్రాతపూర్వకముగా తీసికొనవలెను. రెండవది, పోలీసు వెరిఫికేషను. నివాసమున్న ప్రాంతపు పోలీసుస్టేషను ద్వారా దరఖాస్తు పెట్టుకొనిన వారు తమ రికార్డులను చూచి వ్రాసి యిత్తురు. దేశములోని పోలీసుస్టేషనులను కలుపు సి.సి.టి.ఎన్.ఎస్. అను కంప్యూటరు వ్యవస్థ వచ్చిన పిమ్మట వేరు జిల్లా కేసును తెలిసికొనుట వెనుకటికంటె సులభమైనది. లైంగిక నేరస్థుల జాతీయ పట్టిక 2018 సెప్టెంబరులో ఏర్పడినది. అది పోలీసుల ఉపయోగమునకే గాని ప్రజలు తెరచి చూచుటకు గాదు. కావున క్లబ్బు తానై విచారించుకొను మార్గము లేదు. పోలీసుల ద్వారానే పోవలెను. మూడవది, పూర్వము పనిచేసిన బడికిగాని క్లబ్బుకుగాని స్వయముగా ఫోను చేసి, ‘ఈతనిని మరల మీ బిడ్డలవద్ద ఉంచెదరా?’ అని అడుగవలెను. అతడు తెచ్చిన ఉత్తరముకంటె ఈ ప్రశ్నకు వచ్చు జవాబు, ఒక్కొక్కప్పుడు జవాబు చెప్పుటలోని తడబాటు, ఎక్కువ తెలుపును. నాలుగవది, బంధువులు కాని ఇద్దరి హామీ. అయిదవది, ఇదియంతయు ఒకసారితో తీరదు. కొన్ని యేండ్లకొకసారి మరల జరుగవలెను. నియమములోని నియతకాలము అను మాటకు అర్థ మిదియే.

పూర్వచరిత్ర తెలియకపోవుటవలన ఏమి జరుగునో ఇంగ్లండు కథ తెలుపును. 2002 ఆగస్టులో సోహం అను చిన్న ఊరిలో పదేండ్ల బాలికలు ఇద్దరు హత్యకు గురియైరి. హంతకుడు ఆ ఊరి పాఠశాలలో కావలి, నిర్వహణ పనులు చూచు ఉద్యోగి. అంతకుముందు వేరొక ప్రాంతమున అతనిపై లైంగిక నేరముల ఆరోపణలు అనేకము పోలీసులవద్దకు వచ్చియుండెను. అవి శిక్షవరకు పోలేదు. ఉద్యోగ మిచ్చునాడు ఆ సమాచారము పాఠశాలకు చేరలేదు. ఒక ప్రాంతపు పోలీసులకు తెలిసిన సంగతి మరొక ప్రాంతమునకు తెలియకపోవుటయే ప్రధాన లోపమని 2004లో బిచర్డు విచారణసంఘము తేల్చినది. దాని ఫలితముగా 2006లో చట్టము వచ్చినది. 2012లో ఈ విచారణలకై ప్రత్యేక సంస్థయే ఏర్పడినది. గుడివాడలో తప్పుచేసినవాడు నాగాయలంకలో మంచివాడుగా ప్రత్యక్షమగుట ఎంత సులభమో ఆలోచించిన, ఆ దూరపు కథ దగ్గరదే యగును.

అయినను ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. పోలీసుల కాగితమే సర్వరక్షణ యనుకొనుట మరొక అపాయము. ఆ కాగితము నమోదైన కేసును మాత్రమే చూపును. ఎవరికిని చెప్పుకొనలేకపోయిన బిడ్డ దుఃఖము అందులో కనబడదు. అమెరికాలో జాతీయ జిమ్నాస్టిక్సు జట్టుకు వైద్యుడైన లారీ నాసర్ ఏండ్ల తరబడి బాలికలపై దుష్కృత్యములు చేసెను. ఏ విచారణ చేసినను అతని కాగితము నిర్మలముగానే యుండెడిది. 1997 నాటికే ఒక బాలిక తన శిక్షకురాలితో చెప్పినను ఆ మాటను వినినవారు లేరు. 2018 జనవరిలో 150 మందికి మించి బాధితులు న్యాయస్థానమున నిలిచి చెప్పిన పిమ్మట అతనికి 40 మొదలు 175 ఏండ్ల కారాగారశిక్ష పడినది. మొదటి బిడ్డ మాటను వినియుండిన పక్షమున ఎంతమంది బిడ్డలు బ్రదికిపోయెడివారో!

మన దేశపు సంగతి ఇంకను కఠినమైనది. 1990 ఆగస్టు 12న హర్యానాలో పదునాలుగేండ్ల టెన్నిసు క్రీడాకారిణిపై ఆ రాష్ట్ర టెన్నిసు సంఘాధ్యక్షుడు లైంగిక దుష్ప్రవర్తనకు పాల్పడెను. అతడు పోలీసు శాఖలో ఉన్నతాధికారి. అట్టివానికి పోలీసు వెరిఫికేషను జరిపించిన ఏమి వచ్చును? కేసు నమోదగుటకే 1999 డిసెంబరు వరకు పట్టినది. ఈలోగా 1993లో ఆ బాలిక విషము త్రాగి ప్రాణము విడిచెను. 2009 డిసెంబరులో అతడు దోషియని తీర్పు వచ్చినది. 2016లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయమునే నిలిపినది. పందొమ్మిదేండ్ల ఆలస్యమునకు కారణము రికార్డు లేకపోవుట గాదు, పెద్దవానికి ఎదురుగా చిన్నబిడ్డ మాటను నిలువనీయకపోవుట. కావున కాగితముతోపాటు కట్టుబాట్లు కూడ కావలెను.

ఆ కట్టుబాట్లు ఖర్చులేనివి. ఏ శిక్షకుడును ఏ బిడ్డతోను తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండరాదు. శిక్షణ జరుగునంతసేపు ఇద్దరు పెద్దవారుండవలెను. తల్లిదండ్రులు ఎప్పుడు వచ్చినను చూచుటకు అడ్డు ఉండరాదు. బాలికల జట్టు వెంట స్త్రీ యొకతె తప్పక పోవలెను. పొరుగూరి పోటీలలో పిల్లలు నిదురించు గది వేరు, పెద్దలు నిదురించు గది వేరు. మోటారుసైకిలుపై ఒక్క బిడ్డను ఎక్కించుకొని పోరాదు. ఫోనులో ఆట సమాచారము తల్లిదండ్రులు కూడ ఉన్న గ్రూపునకే పంపవలెను గాని రాత్రివేళ బిడ్డ ఒక్కరికి సందేశములు పంపరాదు. ఈ కట్టుబాట్లు మంచి శిక్షకునికే ఎక్కువ మేలు చేయును. ఏలయన నింద పుట్టుటకు తావుండదు, పుట్టినను సాక్షులుందురు.

ఇక న్యాయము సంగతి. విచారణ యను ఆయుధము చెడ్డచేతులలో పడిన ఊరి కక్షలకు పనికివచ్చును. కాలువనీటి వంతు తగవు, గట్టు తగవు, ఎన్నికలనాటి కొట్లాట, రాస్తారోకో, ఇట్టి కేసులలో పేరెక్కినవారు డెల్టాలోని ప్రతి ఊరిలోను ఉందురు. అది చూపి, ‘నీవు పనికిరావు’ అని ఒక కులపువానినో, ఒక పార్టీవానినో ఆటస్థలమునుండి వెడలగొట్టుట అన్యాయము. అడుగవలసినది ఒక్కటే: ఈ సంగతి బిడ్డల భద్రతకు సంబంధించినదా, కాదా? బాలలపై నేరమునకు, లైంగిక నేరమునకు శిక్షపడినవానికి ఆటస్థలమున ఎన్నటికిని చోటుండరాదు. అట్టి కేసు విచారణలో నున్నవాడు దోషియని ఎవరును ప్రకటింపరాదు. అయినను తీర్పు వచ్చువరకు అతనిని బిడ్డలకు దూరముగా ఉంచుట ధర్మము. తానే బాలుడై యున్నప్పుడు చేసిన తప్పు సాధారణముగా మనిషిని జీవితాంతము అనర్హునిగా చేయరాదని 2015 నాటి బాలల న్యాయచట్టము చెప్పుచున్నది. వచ్చిన కాగితములు తాళము గల బీరువాలో ఉండవలెను. వాటిలోని సంగతులు టీకొట్టుకు చేరరాదు. కార్యవర్గమున ఇద్దరికి లేక ముగ్గురికి మాత్రమే అవి తెలియవలెను. అన్నింటికిని మించి, నియమము అందరికిని ఒక్కటిగా నుండవలెను. బీదవానికి విచారణయు, మోతుబరి కొడుకునకు మినహాయింపును అయినచో అంతయు వ్యర్థము.

ఇన్ని జాగ్రత్తలు తీసికొనినను ఒకనాడు ఒక బిడ్డ వచ్చి ఏదో చెప్పవచ్చును. ఆనాడు ఊరు చేయు పొరపాటొకటి కలదు. పెద్దమనుష్యులు కూర్చుందురు. బిడ్డ పెండ్లి మాట, ఇంటి పరువు మాట ఎత్తుదురు. కొంత సొమ్ము ఇప్పించి, నేర్పినవానిని ఊరు విడిచి పొమ్మందురు. తగవు తీరినదనుకొందురు. నిజమునకు వారు చేసినది, అతనిని హామీ లేకుండ మరియొక ఊరి బిడ్డల మధ్యకు పంపుట. చట్టము దీనిని సహింపదు. పోక్సో చట్టపు 19వ సెక్షను ప్రకారము నేరము జరిగినదని తెలిసిన ప్రతివారును పోలీసులకు చెప్పితీరవలెను. చెప్పనివారికి ఆరు నెలల వరకు ఖైదో, జరిమానాయో, రెండునో పడవచ్చును. తన క్రిందివాడు చేసిన నేరమును దాచిన సంస్థాధికారికి ఒక సంవత్సరము వరకు ఖైదును, జరిమానాయు పడవచ్చును. బుద్ధిపూర్వకముగా అబద్ధపు ఫిర్యాదు చేసిన పెద్దవారికిని శిక్ష కలదు. బిడ్డ చెప్పినది పొరపాటైనను బిడ్డకు శిక్ష లేదు.

బిడ్డను పోలీసుస్టేషను చుట్టు త్రిప్పుదురను భయము కూడ అక్కరలేదు. బిడ్డ ఇంటివద్దగాని, బిడ్డ కోరిన చోటగాని వాంగ్మూలము తీసికొనవలెనని చట్టమున గలదు. వీలైనంతవరకు సబ్‌ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని స్త్రీ అధికారి యూనిఫారము లేకుండ వచ్చి వ్రాసికొనవలెను. బిడ్డ పేరు, ఊరు, బడి పత్రికలలో వచ్చుటకు వీలులేదు. ఫోనున 1098 అంకె నొక్కిన బాలల సహాయము ఏ వేళనైనను దొరకును. ఈ నాలుగంకెలు ఆటస్థలపు గోడమీద బిడ్డ కన్నులకు అందునంత ఎత్తున పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండిన సందర్భమున భవనమునకు రంగులు వేసిరి, కొత్త బీరువాలు వచ్చినవి. అందుకు అందరును అభినందనీయులు. వీనితోపాటు మరి మూడు పనులు జరిగిన ఉత్సవము సార్థకమగును. పోక్సో చట్టమును, 2020 నియమములను తెలుగులో పఠనమందిరపు బల్లమీద ఉంచుట మొదటిది. ఆటస్థలమున బిడ్డలకు నేర్పు ప్రతివారికిని, జీతమున్నను లేకున్నను, విచారణ తప్పదని కార్యవర్గము తీర్మానించుట రెండవది. పుస్తకముల రిజిస్టరు ప్రక్కనే శిక్షకుల రిజిస్టరు నొకదానిని తెరచుట మూడవది. పేరు, చిరునామా, హామీదారులు, పోలీసు వెరిఫికేషను వచ్చిన తేది, మరల జరుగవలసిన తేది అందులో ఎక్కవలెను.

ఆ రిజిస్టరులో మొదటి పేరు ఊరిలోని బీద శిక్షకునిది కారాదు. కార్యవర్గాధ్యక్షుడు తన దరఖాస్తును తానే ముందుగా నింపి, స్టేషనుకు తానే ముందుగా పోయి, ఆ పేజీ పై వరుసన తన పేరు వ్రాయించుకొనవలెను. అటుపిమ్మట వెనుకాడువారు ఎవరును ఉండరు. పుస్తకమును భద్రముగా పంపి భద్రముగా తిరిగి తెప్పించుకొనుట ఎరిగిన గ్రంథాలయమునకు ఈ రిజిస్టరును నడుపుట కష్టము గాదు.